నమూనా పళ్లెం

ఫ్లెక్సీ మీద తన ముఖం ఎంత పెద్దగా ఉందో చూసి స్నేహలతకు ముందు సిగ్గేసింది. ఆ ముఖం పక్కన పోసిన పసుపు కుప్పను చూశాక ఒళ్లు మండింది.

హైదరాబాద్ బస్సు దిగి మామిడిపల్లి చౌరస్తాలో భుజాన సంచితో నిలబడి ఉంది. ఎదురుగా స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో తెల్లకోటు తొడుక్కుని తనే నవ్వుతోంది. 'లివర్ క్యాన్సర్‌కు మందు కనిపెట్టిన ఆర్మూర్ ఆడబిడ్డకు ఆదివారం ఘన సన్మానం.' కింద, రైతుల పసుపు అమ్మిపెట్టే ఆడ్తి భూమేశ్వర్ చేతులు జోడించి ఉన్నాడు. ఆయన చేతుల కింద వరసగా సీసాలు. ప్రతి సీసా మీదా 'పసుపు సారం గోలీలు' అని రాసి ఉంది.

ఆమె ఏ మందూ కనిపెట్టలేదు. యూనివర్సిటీ ల్యాబులో నాలుగేళ్లుగా ఆమె చూస్తున్నది ఒక వైరస్‌లోని చిన్న ప్రొటీన్‌ను. ఆ వైరస్ కోళ్లకు వస్తుంది. దానికీ పసుపుకూ ఏ చుట్టరికమూ లేదు. ఉందని రాసినవాడికి సిగ్గు లేదు, చదివి తలలూపుతున్నవాళ్లకు అనుమానం లేదు. ఇంటికి పోకుండా నేరుగా భూమేశ్వర్ గోదాముకు నడిచింది.

గోదాము ముందు ఖాళీ స్థలంలో ఆమె మేనమామ రాజం డ్రమ్ము తిప్పిస్తున్నాడు. ఎండిన పసుపు కొమ్ములను తట్టలతో డ్రమ్ములో పోసి, మూత బిగించి, మోటారు వేస్తాడు. కొమ్ములు ఒకదానికొకటి రాసుకుని పైపొట్టు రాల్చుకుంటాయి. లేచిన దుమ్ము మనుషుల మీద పడుతుంది. అక్కడ పనిచేసే అందరి తలలూ, కనుబొమలూ, గోళ్లూ పచ్చగానే ఉంటాయి. రాజం కూడా నెత్తి నుంచి కాళ్ల దాకా పచ్చగా ఉన్నాడు. ఆయన లివర్‌లో క్యాన్సర్ ఉందని నిజామాబాద్ దవాఖానలో చెప్పి ఏడు నెలలయింది.

మోటారు ఆపి, కొమ్ములను తార్పాలిన్ మీద కుమ్మరించి, రాజం గొంతుక్కూర్చున్నాడు. ఏరడం మొదలుపెట్టాడు. వంకర లేనివి, మచ్చ లేనివి, వేలంత పొడుగున్నవి పది పన్నెండు తీశాడు. ఒకదాన్ని పుటుక్కున విరిచి, లోపలి ముదురు రంగు పైకి కనబడేటట్టు ఇత్తడి పళ్లెం నడుమ పెట్టాడు. కొనేవాళ్లకు చూపించే నమూనా పళ్లెం అది. ఇరవై ఏళ్లుగా ఆ పళ్లెం ఏరేది ఆయనే.

"వచ్చినవా బిడ్డా?" అన్నాడు తలెత్తి. "చౌరస్తాల నీ బొమ్మ జూసినవా?"

"చూసిన. దుమ్ముల తిరగొద్దని డాక్టర్ చెప్తే నువ్వు డ్రమ్ము కాడ ఎందుకున్నవ్ మామా?"

"ఇంట్ల కూసుంటే గోడలు మీదికొస్తయి. ఇప్పుడు మంచిగున్న. అరికాళ్ల పగుళ్లు గూడ మానినయి."

ఆ మాట దగ్గర ఆమె ఆగాల్సింది. ఆగలేదు. ఆమె కోపం అప్పటికే భూమేశ్వర్ గదిలోకి పోయి కూర్చుంది.

ఆమె గదిలోకి పోయేసరికి భూమేశ్వర్ రాజం పంపిన పళ్లెం బల్ల మీద సర్దుకుంటూ నవ్వాడు. "రా బిడ్డా. ఆర్మూర్ పేరు నిలవెట్టినవ్. చాయ్ తెప్పిస్త, కూసో."

"చాయ్ వద్దు సేటూ. గా ఫ్లెక్సీ తీసెయ్యమని చెప్పండ్రి."

"ఫోటో మంచిగ లేదా? మీ నాయిననే ఇచ్చిండు."

మార్కెట్ యార్డులో కాంటా వేసే తండ్రి దయానంద్ ఎంత మురిసిపోతూ ఇచ్చి ఉంటాడో ఆమెకు తెలుసు. అందుకు మరింత మండింది. అయినా గొంతు తగ్గించి చెప్పింది. "నేను మందు కనిపెట్టలే. గా ప్రొటీన్ కోళ్ల వైరస్‌ది. ల్యాబుల గిన్నెల పెంచిన క్యాన్సర్ కణాలకు ఎక్కించి చూస్తం. మంచి కణమైతే అది బయటి భాగంల ఊకె పడి ఉంటది. క్యాన్సర్ కణమైతే నడిమిట్ల గింజ ఉంటది చూడు, దాని లోపలికి పోతది. పోయినంక కణం తనను తానే ముక్కలు చేసుకొని చస్తది. మాకు ఎర్కయింది గంతే. మనిషికి ఇయ్యలే. ఇంకెన్నేండ్లు పడుతదో, అసలు మందు అయితదో కాదో ఎవ్వరికీ తెల్వది. పసుపు మాటనే లేదు అందుల."

భూమేశ్వర్ శ్రద్ధగా విన్నాడు. అంతా విని, "కోళ్ల రోగం అని రాస్తే ఎవరు సదువుతరు బిడ్డా?" అన్నాడు. "పసుపు అంటే మనది. పసుపు క్యాన్సర్‌కు మంచిదని ఫోన్లల్ల రోజూ వస్తుంది. నీది గూడ గా క్యాన్సర్ మీదనే. రెండు కలిపిన, గంతే."

"మీరు కలిపితే కలుస్తయా?"

"మీ మామ దినాం నా గోలీలే తింటుండు. మొన్నటిదాంక మంచం దిగనోడు డ్రమ్ము కాడ నిలవడ్డడు. కండ్లతోని సూసినవ్ గదా."

ఆమె బయటికి వచ్చేసరికి డ్రమ్ము మళ్లీ తిరుగుతోంది. గోలీల సంగతి అరిచి అడిగితే రాజం చెయ్యి ఊపి, "పసుపే గదా బిడ్డా, ఏం చేస్తది" అని అంతకన్నా గట్టిగా అరిచాడు. కూరలో వేసుకునేదే కదా అనుకుని ఆమె ఇంటికి పోయింది.

శుక్రవారం పొద్దున పెర్కిట్‌లో రాజం ఇంటికి వెళ్లింది. అత్త ఆశమ్మ నల్లా దగ్గర బట్టలు పిండుతోంది. రాజం అప్పుడే స్నానం చేసి, గడప మీద ఎండకు కూర్చుని తల దువ్వుకుంటున్నాడు. జుట్టు నల్లగా, తడిగా ఉంది. చెవుల వెనక కూడా రుద్ది కడుక్కున్నాడు. దుమ్ము ఎక్కడా లేదు.

కళ్లు మాత్రం పచ్చగా ఉన్నాయి.

స్నేహలత ఆయన ముందు కూర్చుని, గదవ పట్టుకుని ముఖాన్ని వెలుతురుకు తిప్పింది. బొటనవేలితో కింది రెప్పను లాగింది. తెల్లగుడ్డు ముదిరిన నిమ్మకాయ రంగులో ఉంది.

"ఎన్ని దినాలైంది మామా గిట్ల?"

"ఏంది, కండ్లా? పసుపు పడ్డది బిడ్డా. దినాం పడేదే."

"స్నానం చేసినవ్ గదా."

"లోపలి రంగు గది," అంది ఆశమ్మ, చేతులు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చి. "గోలీలు తింటే కండ్లల్లకు, పోసే ఒంటేలుకు రంగొస్తదట. రంగొస్తే మందు పట్టినట్టని సేటే చెప్పిండు. పదిహేను దినాలు దాటింది. నేనైతే మంచిగ పట్టిందనే అనుకుంటున్న."

పుట్టినప్పటి నుంచీ పచ్చటి మనుషులను చూస్తున్న ఊరు ఇది. వేరే ఏ ఊళ్లో అయినా దారిన పోయేవాడు సైతం కామెర్లని చెప్పేవాడు. ఇక్కడ ఎవరూ చెప్పలేదు. నాలుగేళ్లుగా లివర్ కణాలను పొద్దూమాపూ చూస్తున్న మనిషి, నిన్న రెండు గజాల దూరంలో నిలబడి మాట్లాడి కూడా చెప్పలేదు.

"దవాఖాన గోలీలు ఏవి?"

ఆశమ్మ బియ్యం డబ్బా వెనక నుంచి మందుల సంచి తెచ్చింది. పొద్దున రెండు, సాయంత్రం రెండు వేసుకోవాల్సినవి. మూడు అట్టలు చెక్కు చెదరకుండా ఉన్నాయి. అరికాళ్లు ఎందుకు మానాయో ఆమెకు అప్పుడు అర్థమైంది. పాదాలు పగలగొట్టేది ఆ మందే. మందు ఆపాడు కాబట్టి పగుళ్లు మానాయి.

"ఎందుకు ఆపినవ్ మామా?"

"కాళ్లు కింద పెట్టనియ్యలే గవి. రెండు తీర్ల మందులు లోపల కొట్లాడుకుంటయని సేటు అన్నడు." రాజం దువ్వెనలోని వెంట్రుకలు తీస్తూ ఆమె వైపు చూడలేదు. "కోపం చెయ్యకు బిడ్డా."

కోపం చెయ్యకపోతే ఏం చెయ్యాలి? క్యాన్సర్ డాక్టర్ ఉండేది శనివారమే కాబట్టి ఆయన్ను రేపే దవాఖానకు తీసుకుపోవాలని ఆశమ్మతో చెప్పి, మందుల సంచి పట్టుకుని గోదాముకు పోయింది. బల్ల మీద పళ్లెం పక్కన మూడు అట్టలూ విసిరేసింది. ఒక కొమ్ము ఎగిరి కింద పడింది.

"మనిషిని సంపుతున్నరు మీరు."

భూమేశ్వర్ వంగి కొమ్ము తీసి, ఊది, పళ్లెంలో పెట్టాడు.

"కండ్లు పచ్చగైనయి. అవి కామెర్లు సేటూ. మీ గోలీల రంగు కాదు. లివర్ చేతులెత్తేసింది. మందు ఆపమని ఎట్ల చెప్పిండ్రు మీరు? ఏం సదివిండ్రని?"

"నేను ఆపమనలే." ఆయన ముఖంలో మొదటిసారి నవ్వు పోయింది. "దవాఖాన మందు ఆపుత సేటూ, నా మేనకోడలే దీనికి మందు తెచ్చింది అని ఆయననే వచ్చి నాకు సూపిచ్చిండు. గట్లయితే రెండు కలపకు అన్న. గంతే అన్న." ఫోను తీసి వెతికి, ఆమె ముందు పెట్టాడు. "అబద్ధం నేను రాయలే. నువ్వు అన్నదే రాపిచ్చిన."

తెర మీద బూడిద రంగు కణాలు. గిన్నె అడుగున పరుచుకుని ఉన్నవి ఒక్కొక్కటే ముడుచుకుంటున్నాయి, బుడగలు తేలుతున్నాయి, చిన్న చిన్న మూటలుగా విడిపోతున్నాయి. వెనక నుంచి ఆమె గొంతే, సంతోషంతో ఎగిరిపడుతూ: "మామా, ఇవి లివర్ క్యాన్సర్ కణాలు. మా ప్రొటీన్ ఎక్కిచ్చి రెండు దినాలే అయింది. సూడు, ఒక్కటి మిగల్లే. ఇగ నువ్వు ఫికర్ చెయ్యకు."

నెల కింద చుట్టాల గ్రూపులో పెట్టిన వీడియో. ఎక్కడెక్కడికి పోయిందో గానీ ఇప్పుడు ఆడ్తి ఫోనులో ఉంది.

ఒక్కటి మిగల్లే. ఆ మాట ఎందుకు అన్నదో ఆమెకు తెలుసు. గిన్నెలో నాలుగు చోట్ల చిత్రీకరించింది. మూడు చోట్ల కణాలు బతికున్నాయి. ప్రొటీన్ అందని కణాలు అవి. అంచుల్లో బతికినవి పది రోజుల్లో మళ్లీ గిన్నెంతా నిండాయి. అన్నీ చచ్చిన చోటు ఒక్కటే ఉంది. చూడ్డానికి బాగున్నది అదే కాబట్టి అదే పంపింది. ల్యాబులో అందరూ అలాగే చేస్తారు. మీటింగులో మొదట పెట్టే బొమ్మ ఎప్పుడూ మంచిదే.

అది ఆమె భూమేశ్వర్‌కు చెప్పలేదు. "ఫ్లెక్సీ దింపకుంటే బాగుండదు" అని మాత్రం చెప్పి వచ్చేసింది.

శనివారం నిజామాబాద్ దవాఖానలో పొద్దంతా గడిచింది. రక్తం తీశారు, స్కానింగ్ చేశారు. లేడీ డాక్టర్ రిపోర్టులు చూసి, పసుపు గోలీల సీసా తిప్పి చూసి, బల్ల మీద పెట్టింది.

"రోగం పెరిగినా కామెర్లు వస్తాయి. ఇలాంటి గోలీలు ఎక్కువ తిన్నా కొందరికి లివర్ దెబ్బ తింటుంది. ఏది ఎంతో ఇప్పుడే చెప్పలేను. ఈ సీసా పారేయండి. పాత మందు కూడా ఈ పరిస్థితిలో ఇవ్వలేను, లివర్ తట్టుకోదు. అడ్మిట్ చేసుకుని చూస్తాను."

"కామెర్లు తగ్గితే పాత మందు మళ్ల ఇస్తరా?" అడిగింది స్నేహలత.

"తగ్గితే ఆలోచిద్దాం. నెల కింద ఈ ప్రశ్నే ఉండేది కాదు."

వార్డులో రాజానికి సెలైన్ పెట్టారు. తెల్ల దుప్పటి మీద ఆయన రంగు దాచడానికి వీల్లేకుండా కనబడుతోంది. ఆశమ్మ తల దగ్గర బైబిలు పెట్టి, కాళ్ల దగ్గర కూర్చుంది.

"బిడ్డా," అన్నాడు రాజం నెమ్మదిగా. "నీ మందు నాకు ఎక్కియ్యరాదా? గీ డాక్టర్‌ను అడుగు. ఏమన్న అయితే నేనే ఒప్పుకున్నానని కాయితం మీద ఏలిముద్ర ఏస్త."

ఆమె మంచం అంచు పట్టుకుంది. "అది మందు కాలేదు మామా. గిన్నెల పని చేసింది. మనిషి లివర్ల కోట్ల కోట్ల కణాలుంటయి. ప్రతి దానికి దాన్ని చేర్చుడు ఎట్లనో ఇంకా ఎవ్వరికీ చేతకాలే."

"అట్లనా," అన్నాడు రాజం. కళ్లు మూసుకున్నాడు.

ఆదివారం సన్మానం ఆగలేదు. ఫంక్షన్ హాలు నిండింది. డ్రమ్ముల మీద పనిచేసేవాళ్లు, కొమ్ములు ఏరే ఆడవాళ్లు, వేల్పూర్ నుంచీ మెండోర నుంచీ వచ్చిన రైతులు. చర్చి అయిపోయాక దయానంద్ ఇస్త్రీ చొక్కాతో వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. స్టేజీ పక్కన బల్ల మీద సీసాలు పేర్చి ఉన్నాయి. వాటిని చూశాక స్నేహలత ఎవరూ పిలవకముందే లేచింది. మైకు దగ్గరికి తనే నడిచింది.

"ఫ్లెక్సీల రాసింది అబద్ధం," అంది. "నేను మందు కనిపెట్టలే. గీ గోలీలతోని క్యాన్సర్ పోదు. మా మామ రాజం మీ అందరికీ ఎర్కే. గివి నమ్మి దవాఖాన మందు ఆపిండు. ఇప్పుడు దవాఖానల పండుకున్నడు. పదిహేను దినాలు ఆయన కండ్లు పచ్చగుంటే పసుపు దుమ్మని ఊకున్నం. ఆయన దినాం మన నడుమనే తిరిగిండు. ఒక్కళ్లం సూడలే."

హాల్లో ఎవరో దగ్గారు. ఆమె గొంతు పెరిగింది.

"పసుపు పని చేసేటోళ్లు పొద్దుగాల ముఖం కడుక్కొని ఎండల నిలవడి అద్దంల కండ్లు సూసుకోండ్రి. కడిగినా పోకపోతే అది దుమ్ము కాదు, కామెర్లు. అదే దినం దవాఖానకు పోండ్రి. డాక్టర్ ఇచ్చిన మందు సేటు చెప్తే ఆపకుండ్రి. నేను చెప్పినా ఆపకుండ్రి. మీ పానాల మీద యాపారం చేసేటోళ్లకు సిగ్గుండాలె."

వెనక వరసలోని ఆడవాళ్లు ముందు చప్పట్లు కొట్టారు. తర్వాత హాలంతా కొట్టింది. ఇంకొక మాట ఆమె నోటి దాకా వచ్చి ఉంది. వీడియో మాట. చప్పట్లు తగ్గాక చెప్పాలనుకుంది. చప్పట్లు తగ్గేసరికి భూమేశ్వర్ శాలువా పట్టుకుని పక్కకు వచ్చి, "సూసిండ్రా మన ఆడబిడ్డ ధైర్యం" అని మైకులో అన్నాడు. శాలువా ఆమె భుజాల మీద పడింది. దాన్ని తీసి కుర్చీ మీద పడేసి దిగిపోయింది. దానికి మరోసారి చప్పట్లు పడ్డాయి. సాయంత్రానికి ఆమె మాట్లాడిన వీడియో ఊరంతా తిరిగింది.

సోమవారం పొద్దున వార్డులోకి వెళ్లేసరికి రాజం దిండుకు ఆనుకుని ఉన్నాడు. చేతిలో ఆశమ్మ ఫోను. అందులో స్నేహలత గొంతే వినిపిస్తోంది. ఆయన అయిపోయేదాకా చూసి, ఫోను భార్యకు ఇచ్చాడు. ఆశమ్మ దాన్ని సంచిలో వేసుకుంది.

"మస్తు మాట్లాడినవ్ బిడ్డా. సీసాలు ఎత్తిపెట్టిచ్చిండట సేటు. నీ నాయిన ఫోన్ చేసిండు."

"ఇంకా గట్టిగ మాట్లాడాల్సింది మామా. ఆయనకు సిగ్గు లేదు."

"సేటుకు ఏనాడున్నది సిగ్గు." రాజం గోళ్ల వైపు చూసుకున్నాడు. రెండు రోజులుగా పని లేకపోయినా సందుల్లో పసుపు ఇంకా ఉంది. "నాకు పంపిన వీడియో సంగతి మాత్రం చెప్పలే నువ్వు."

ఆమె స్టూలు మంచం దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఒకటి అడుగుత. అందుల కనవడ్డది గిన్నె మొత్తమా, ఒక్క మూలనా?"

నాలుగేళ్లలో ఎన్నో మీటింగుల్లో, ఎంతోమంది ప్రొఫెసర్ల ముందు అలాంటి బొమ్మలే వేసింది. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"ఒక్క మూల మామా."

"మిగతాయన్ని గట్లనే సచ్చినయా?"

"లేదు."

రాజం తలాడించాడు, చాలాసేపు. ఆయనకు కోపం వస్తే బాగుండుననీ, తిడితే బాగుండుననీ ఆమెకు అనిపించింది. ఆయన గొంతు పెరగలేదు.

"నమూనా పళ్లెంల మంచి కొమ్ములే పెడుతం బిడ్డా. ఇరవై ఏండ్ల సంది నేనే ఏరిన. పళ్లెం జూసి బస్తా కొనేటోన్ని జూస్తే నాకు నవ్వొచ్చేది. సేటు చెప్పంగనే గోలీలు తింటనా నేను? ఆయన సంగతి నాకెర్కలేదా?" ఊపిరి తీసుకున్నాడు. "నీ మాట మీద మందు ఆపిన. నువ్వు నా బిడ్డవు గదా. నువ్వు జూపేది గూడ పళ్లెమే అనుకోలే."

ఆశమ్మ మంచం కింద ఏదో సర్దుతున్నట్టు వంగింది. స్నేహలతకు ఏడుపు వచ్చింది. ఏడ్వడానికి కూడా తనకు హక్కు లేదనిపించి ఆపుకుంది. ఫోను తీసి, ల్యాబు ఫైళ్లలో వెతికి, నెల కింద పక్కన పెట్టేసిన మూడు వీడియోల్లో ఒకటి తెరిచి ఆయన ముందు పట్టుకుంది. చచ్చిన కణాల మధ్య, అంచు దగ్గర, గట్టిగా అంటుకుని ఉన్నవి కొన్ని. కదలడం లేదు, ముడుచుకోవడం లేదు.

"ఇవి బతికినయి మామా. పది దినాలల్ల మళ్ల నిండినయి."

రాజం ఫోను తన చేతుల్లోకి తీసుకుని, కళ్ల దగ్గరికి పెట్టుకుని, కొమ్ములు చూసినట్టు ఒక్కొక్కదాన్నీ చూశాడు.

"మస్తు మిగిలినయి," అన్నాడు. ఫోను తిరిగి ఇచ్చాడు. "గ్రూపుల పెట్టు. దొంకేశ్వర్‌ల నా తోటి పనోని అన్నకు గూడ గిదే రోగం. ఆయనకు నీ వీడియో నేనే పంపిన. ఆయన గూడ మందు ఆపిండేమో ఎర్కలే."

ఆమె మూడు వీడియోలూ పెట్టింది. కింద, 'మొన్న నేను పంపింది గిన్నెలో ఒక్క మూల మాత్రమే. ఒక్కటి మిగల్లే అన్నది అబద్ధం. ఇది మందు కాదు. నా మాట మీద ఎవరైనా మందు ఆపి ఉంటే ఈరోజే దవాఖానకు పోండి' అని రాసింది. రెండుసార్లు చదివి, ఇంకేమీ చేర్చకుండా పంపింది.

గ్రూపులో ఆ మెసేజి పడి ఆశమ్మ సంచిలో ఫోను టింగుమంది.

"దొంకేశ్వర్ ఆయన నంబరు ఉన్నదా అత్తమ్మా?" అంది స్నేహలత. "నేను మాట్లాడుత."